జింకల కంచె పక్కనే చిప్స్ దుకాణమా?

సంపాదకుడు గారికి,

మా ఊరి జూకి కొత్త జంతువులు తెస్తున్నారని మొన్నామధ్య మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. ఆ వార్త చదివి సంతోషించలేకపోయాను. ఉన్నవాటిని ఎలా చూస్తున్నారో దసరా సెలవుల్లో మనవలతో వెళ్లి కళ్లారా చూసి వచ్చాను.

చుక్కల దుప్పుల దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. ఒకాయన కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని మరమరాల పొట్లం కంచె మీంచి లోపలికి వేయిస్తున్నాడు. అవతల ఒక దుప్పి చిప్స్ కవరును కరిచి పట్టుకుని నములుతోంది. ఉప్పు అంటిన కవరు కదా, వదలదు. నెమరువేసే జంతువు కడుపులో ప్లాస్టిక్ పడితే అరగదు, ఉండలా పేరుకుపోతుంది. మేత సహించక నీరసించి చస్తుంది. మన రోడ్ల మీద ఆవులకు జరుగుతున్నదీ అదే. వాచర్‌ని పిలిచి చూపిస్తే, "చెబితే మా మీదికే వస్తున్నారు సార్" అన్నాడు. ఆ వైపంతా చూసుకోవడానికి పాపం ఒక్కడే ఉన్నాడు.

పిల్లలు దాహమంటే కుళాయి దగ్గరికి వెళ్లాం. చుక్క నీళ్లు లేవు. పక్కనే దుకాణంలో మాత్రం నీళ్ల సీసాలు, చిప్స్, కుర్‌కురే అన్నీ అమ్ముతున్నారు. అదీ జింకల కంచెకు నాలుగడుగుల దూరంలో! లోపల ప్లాస్టిక్ అమ్ముకోవడానికి లీజు ఇచ్చి, గేటు దగ్గర మా సంచులు వెతకడం ఏం పద్ధతి? జూయే కాదు, పార్కులు, చెరువు గట్లు, బస్టాండులో మరుగుదొడ్లు అన్నీ ఇలాగే తయారయ్యాయి. కాంట్రాక్టు ఇచ్చాక మళ్లీ అటు తొంగిచూసే అధికారి ఉండడు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38జె సెక్షన్ ఉంది. జూలో జంతువులకు సందర్శకులు తిండి పెట్టినా, వాటిని ఏడిపించినా, గోల చేసినా, చెత్త వేసినా నేరమే. ఆరు నెలల దాకా జైలుశిక్ష పడొచ్చు. అది తెలిపే బోర్డు ఎండకు వెలిసిపోయి అక్షరం కనబడదు. ఎలుగుబంటి బోను దగ్గర ఈలలు వేస్తున్న కుర్రాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

హైదరాబాద్ నెహ్రూ జూకో, విశాఖ జూకో పిల్లల్ని తీసుకెళ్లే స్తోమత అందరికీ ఉండదు. చిన్నదైనా మా జూ మాకు గొప్పే. అందుకే ఇంత బాధ. కొత్త జంతువుల కోసం కేంద్ర జూ అథారిటీకి దరఖాస్తు పెట్టేముందు ఆ దుకాణాన్ని గేటు బయటికి మార్చండి. కుళాయికి నీళ్లు ఇవ్వండి. సెలవు రోజుల్లో కంచె దగ్గర మరో ఇద్దరిని నిలబెట్టండి. బోర్డు రాయించడానికి నిధులు లేవంటే చెప్పండి, పొద్దున్నే అక్కడ నడిచే మేమంతా తలా కొంత వేసుకుని పెయింటర్‌ని పెడతాం.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు