లెంకా చొక్కా ఏమైంది?

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మాసిడోనియా కవి కొచో రాత్సిన్ మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. తెలుగు పేపర్లో ఆ పేరు ఎప్పటికైనా చూస్తానని అనుకోలేదు. సంతోషం. కానీ వ్యాసం పక్కన బాక్సు కట్టి వేసిన 'లెంకా' కవిత అనువాదంలో చివరి చరణం లేదు. చోటు చాలక తీసేశారో, అనువాదకులకే అది అనవసరం అనిపించిందో నాకు తెలీదు. అది లేకపోతే మాత్రం కవిత కుంటిదైపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

నేను విమర్శకుణ్ని కాను. చేనేత సహకార సంఘంలో ముప్పై ఏళ్లు నూలు లెక్కలు రాసి రిటైరైన గుమాస్తాని. వేటపాలెం సారస్వత నికేతనంలో పేపర్లు తిరగేస్తూ పెరిగాను, సాహిత్యంతో నా పరిచయం అంతే. రాత్సిన్‌ని ఇంగ్లిష్‌లోనే చదివాను. మూలం చెవికి ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించి, ఆ భాషలో ఎవరో చదివిన రికార్డింగ్ మనవరాలి చేత ఫోన్లో వెతికించుకుని విన్నాను. అర్థం పక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాను.

కవితలో కథ ఇంతే. లెంకా అనే పిల్ల, కుట్టుపని ఇంకా ముగియని సన్నటి నార చొక్కాని మగ్గం మీదే వదిలేసి, చెక్క చెప్పులు వేసుకుని, సర్కారు వారి పొగాకు మోనోపలీలో (పొగాకు వ్యాపారమంతా సర్కారు చేతిలోనే ఉండే సంస్థ) ఆకు సర్దే పనికి పోతుంది. మొహం మారిపోతుంది. కనుబొమలు వాలిపోతాయి, పెదవులు బిగుసుకుంటాయి. ఒక ఏడు గడిచేసరికి గుండె మీద బరువు పడుతుంది. రెండో ఏడు జబ్బు రొమ్మును చీలుస్తుంది. మూడో ఏడు మన్ను కప్పేస్తుంది. మీరు వేసింది ఇక్కడిదాకా.

మొదటి రెండు పాదాల్లోనే లెంకా, తెంకా, లెనెనా అని మూడు మాటలు దగ్గర దగ్గరగా వస్తాయి. తెంకా అంటే సన్ననిది. లెనెనా అంటే అవిసె నారతో చేసినది, ఆ నార పేరు లెన్. పిల్ల పేరులోనే ఆ నార వినబడుతుంది. చొక్కాని వదిలి వెళ్లడమంటే తన పేరులో సగం ఇంట్లో వదిలేసి వెళ్లడమే. ఇది ఏ అనువాదంలోనూ రాదు, మీ అనువాదకుల తప్పు కాదు. కానీ వ్యాసంలో ఒక్క వాక్యం రాసి ఉండొచ్చు కదా.

ఈ కవిత నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం మా మేనత్త. మాది చీరాల పక్క నేతగాళ్ల ఇల్లు. మగ్గం గుంటలో మా తాత కూర్చుంటే, అరుగు మీద రాట్నం దగ్గర కండెలు చుట్టేది అత్త. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు నూలు దొరక్క మగ్గం ఆగింది. అత్త ఊళ్లో ఆడవాళ్లతో కలిసి పొగాకు కంపెనీలో గ్రేడింగ్ పనికి పోవడం మొదలుపెట్టింది. ఆకు రంగు చూసి వేరుచేయడం, ఈనెలు తీయడం. సాయంత్రం ఇంటికొస్తే ఆమె కంటే ముందు వాసన వచ్చేది. వేళ్లకు పట్టిన నల్లటి జిగురు చింతపండు వేసి రుద్దినా పోయేది కాదు. అత్త చేత్తో కలిపి పెట్టిన అన్నం చేదుగా ఉండేది. "ముద్ద చేదుగా ఉంది అత్తా" అన్నానొకసారి. ఆ తర్వాత నాకు ఆమె చేత్తో పెట్టలేదు, గరిటెతో పెట్టేది. కూలి తూకం లెక్కన ఇచ్చేవారు. తూకం వేసే మనిషి చేతికి ఎప్పుడూ ఓ పిడికెడు తక్కువే తూగేదని మా నాయనమ్మతో చెప్పుకుని ఏడ్చేది.

రాత్సిన్ 'పొగాకు కోసేవాళ్లు' కవిత ఆ కాటా దగ్గరే మొదలవుతుంది. చల్లటి కాటా మీద కంచు గుండ్లు వేసి మా పొగాకు తూస్తున్నారు, మా బాధని, మా ఉప్పటి చెమటని తూయగలరా అని అడుగుతాడు. ఇదే మాట ఉపన్యాసంలో ఎవరైనా అంటే నేను పట్టించుకోను. కానీ ఆ తర్వాత ఆకు ఆకు తెంపు, ఆకు ఆకు గుచ్చు, ఆకు ఆకు తిప్పి నొక్కు అంటూ చేతిపని ఎలా సాగుతుందో పద్యాన్ని అలాగే నడుపుతాడు. పని చేసిన చేతులకు తెలిసే లయ అది. అక్కడి పొగాకు ఆకు చిన్నది, దారానికి గుచ్చి ఎండలో ఆరబెడతారు. మన వర్జీనియాలా కర్రలకు కట్టి బ్యారన్ అనే వేడి గదిలో ఆరబెట్టేది కాదు.

ఈ కవితలోనే పొగాకు కూలీల రొమ్ములోకి వచ్చే 'పసుపు చుట్టం' అని ఒక మాట ఉంది. క్షయ అన్నమాట. మీ వ్యాసంలో దాన్ని 'క్షయ రక్కసి' చేశారు. రక్కసి అనగానే మనం కత్తి పట్టుకుని సిద్ధమైపోతాం. చుట్టం అలా కాదు. తలుపు తీసి, పీట వేసి కూర్చోబెట్టాల్సిందే. అనువాదకుల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. తెలుగులో పసుపంటే శుభం, గడప, పేరంటం. పసుపు చుట్టం అంటే పెళ్లికొచ్చిన బంధువనుకుంటారు. అయినా రక్కసి కంటే 'పచ్చకామెర్ల రంగు చుట్టం' అని ఉంటే నయం.

ఈ కవితలున్న పుస్తకం పేరు 'బేలి ముగ్రి'. వ్యాసంలో 'శ్వేతోదయాలు' అన్నారు. అంత కష్టం ఎందుకండీ? మనకు పొద్దు ఎలాగూ తెల్లవారుతుంది కదా. 'తెల్లవారుజాములు' అంటే రంగు, వేళ రెండూ వచ్చేస్తాయి. పొలానికి వెళ్లేవాడికి అర్థమయ్యే మాట కూడా.

ఇక వ్యాసంలో అతనికిచ్చిన 'మాసిడోనియా శ్రీశ్రీ' అన్న బిరుదు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు, ఒకే రాజకీయం, ఒప్పుకుంటాను. కానీ రాత్సిన్ గొంతు నగారా కాదు, దంపుళ్ల పాట. జానపద పాటల బాణీని దాదాపు అలాగే తీసుకున్నాడు. అరవడానికి ప్రయత్నించిన చోట అతను నాకు పెద్దగా ఎక్కలేదు కూడా. 'రోజులు' కవితలో మనిషిగా పుట్టి బానిసగా బతుకు, పశువులా చావు అనే పాదాలు ఎవరైనా రాస్తారు. అదే కవిత మొదట్లో మెడలో చల్లటి రాళ్లు గుచ్చిన హారంలా రోజులు బరువెక్కాయంటాడు, చివరికి ఆ హారమే ఇనుప గొలుసవుతుంది. ఆ గొలుసుకి అతను వాడిన మాట 'నవేజెన్'. మెడ చుట్టూ కుట్టుపని చేసినట్టు అమరిందని. లెంకా చొక్కా మీద 'నెదొవెజెనా', అంటే పూర్తికాని కుట్టు. రెండూ ఒకే ధాతువు. చొక్కా మీద ఆగిపోయిన కుట్టు గొలుసు మీద పూర్తయింది. దీన్ని పట్టుకోవడానికి నాకు నెల పట్టింది.

'లెంకా' కవిత మీద నాకు ఒక ఫిర్యాదు లేకపోలేదు. ఆ పిల్లని కవి మూడేళ్లలో చంపేశాడు. పాటకి మూడు లెక్క కుదురుతుంది, సరే. మా అత్త చావలేదు. సీజన్ సీజన్‌కీ పోతూ, దగ్గుతూ, డెబ్బై దాటి బతికింది. అలా బతికినవాళ్లకి ఈ పాటలో చోటు లేదు.

కవి జీవితం గురించి మీరు చాలానే రాశారు కాబట్టి రెండు మాటలే. 1908లో మాసిడోనియాలోని వేలెస్ ఊళ్లో కుమ్మరి ఇంట పుట్టి, హైస్కూలు చదువు మధ్యలో ఆగిపోయి, తండ్రితో పాటు కుండలు చేసినవాడు. అసలు పేరు కోస్తా సోలెవ్. రాత్సా అనే ముద్దుపేరున్న అమ్మాయిని ప్రేమించి 'రాత్సిన్' అని కలం పేరు పెట్టుకున్నాడు. 'రాత్సా వాడు' అని అర్థం. ఇలాంటి పేరు పెట్టుకున్నవాణ్ని ఉత్త కార్మిక కవి అని ఎలా అంటాం? 1939లో పన్నెండు కవితల ఈ చిన్న పుస్తకం క్రొయేషియాలో జాగ్రెబ్ దగ్గర సమోబర్‌లో అచ్చయింది. అప్పటికి సర్కారు ఆ భాషని భాషగానే ఒప్పుకోలేదు. అక్షరమాల, రాత నియమాలు అధికారికంగా ఖరారైంది 1945లో. రాత్సిన్ అది చూడలేదు. 1943 జూన్‌లో లోపుష్నిక్ కొండ మీద, తను చేరిన పార్టిజాన్ల (ఫాసిస్టుల మీద పోరాడిన గెరిల్లాల) కాపలావాడి తూటాకే పోయాడు. పొరపాటున కాల్చారా, కావాలనా అన్నది అక్కడ ఇప్పటికీ తేలని వాదన.

మీరు వదిలేసిన చరణం ఇది. అనువాదం నాదే, మోటుగా ఉంటే క్షమించండి:

రాత్రిళ్లు వెన్నెల
ఆమె గోరీకి పట్టు చుడుతుంటే
గాలి మెల్లగా వచ్చి బెంగపడుతుంది:
ఆ చొక్కా కుట్టు ఎందుకాగిపోయింది?
అది పెళ్లిలో పెట్టాల్సిన చొక్కా కదా...

గాలి చావు గురించి అడగదు, గమనించండి. చొక్కా గురించే అడుగుతుంది.

వచ్చే ఆదివారం ఈ ఐదు పాదాలూ వేయండి. చోటు లేకపోతే, నా ఉత్తరంలో పైదంతా తీసేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వేటపాలెం