ఆ చార్టుల వెనక రీడింగులు ఎక్కడ?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో డిగ్రీ సైన్స్ విద్యార్థుల ప్రాజెక్టుల ఫోటోలు వేశారు. చార్టులు, మోడళ్లు, అతిథుల ప్రసంగాలు అన్నీ వచ్చాయి. ఆ చార్టులకు ఆధారమైన అసలు రీడింగులు, అంటే కొలిచినప్పుడు రాసుకున్న అంకెలు, ఇప్పుడు ఎక్కడున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ని, ఉండబట్టలేక రాస్తున్నాను.

మా చెల్లెలి మనవరాలు హన్మకొండలో బీఎస్సీ చదువుతోంది. పోయినేడాది సద్దుల బతుకమ్మకు ముందు, తర్వాత, బతుకమ్మలు వదిలే పద్మాక్షి గుండం నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చింది. పూలు కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ ఎంత తగ్గుతుందో రసాయనాన్ని చుక్కలుగా కలిపి కొలిచే వింక్లర్ పద్ధతిలో టైట్రేషన్ చేసింది. రీడింగులన్నీ ఫోన్‌లోనే పెట్టుకుంది. ఫోన్ నీళ్లలో పడింది. ఇక మిగిలినవి స్నేహితురాలికి వాట్సాప్‌లో పంపిన సగటులే. ఏ సీసా ఏ ఒడ్డుది, పొద్దున పట్టిందా మధ్యాహ్నమా, నీళ్ల ఉష్ణోగ్రత ఎంత, ఏదీ లేదు. అవి లేకపోతే ఆక్సిజన్ లెక్కకు అర్థమే లేదు. మళ్లీ చేద్దామంటే బతుకమ్మ ఏడాదికి గానీ రాదు. పిల్ల రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

తప్పు ఆ పిల్లది అనను. ఆమెకు ఎవరు చెప్పారు? ప్రాక్టికల్ పరీక్షకు వారం ముందు సీనియర్ రికార్డు చూసి దింపడమే మన ల్యాబుల్లో అలవాటు. బ్యూరెట్ అనే కొలత గొట్టంలో వచ్చింది కొట్టేసి, రావాల్సింది రాస్తారు. అలాంటి రికార్డుల మీద నేనూ సంతకాలు పెట్టాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

నేర్పాల్సింది పెద్ద విద్యేమీ కాదు. పేజీ నంబర్లున్న ఆబ్జర్వేషన్ బుక్, అందులో పెన్నుతోనే రాయడం, తప్పు పడితే చెరపకుండా ఒక్క గీత కొట్టడం, ఆ రోజే లెక్చరర్ సంతకం. కంప్యూటర్‌లో అయితే అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ మీద లెక్కలు చేయాలి. ఫైలు పేరులో తేదీ, చోటు ఉండాలి, ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అని కాదు. మూడు కాపీలు, ఒకటి వేరే చోట. ఎక్సెల్‌ను గుడ్డిగా నమ్మొద్దని కూడా చెప్పాలి. మార్చ్1, సెప్ట్1 లాంటి జీన్ల పేర్లను అది తేదీలుగా మార్చేస్తుంటే, 2020లో శాస్త్రవేత్తలు ఆ జీన్ల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన రైతు తక్‌పట్టీ రసీదును భద్రంగా మడిచి జేబులో పెట్టుకుంటాడు. తూకం, ధర అందులోనే ఉంటాయి కాబట్టి. సైన్స్ చదివే పిల్లలకు రీడింగ్ మీద ఆ పట్టింపు మనం నేర్పలేదు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తోందంటే కాలేజీల్లో రాత్రింబవళ్లు ఫైళ్లు సర్దుతారు, ప్రతి మీటింగుకూ జియోట్యాగ్ ఫోటో దాస్తారు. ల్యాబ్ అటెండర్ రిటైరైతే మాత్రం ఆ కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీ. గెస్ట్ లెక్చరర్‌కు జీతం ఎప్పుడొస్తుందో తెలియదు. ఇక సంతకం పెట్టే తీరిక ఎవరికి?

సిలబస్ ఖరారు చేసే కాకతీయ యూనివర్సిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ వారు మొదటి సెమిస్టర్ ప్రాక్టికల్స్‌లో నాలుగు పీరియడ్లు దీనికివ్వాలి. నోటి పరీక్ష వైవాలో ‘అసలు రీడింగులు చూపించు’ అని అడిగి మార్కులు వేయాలి. వచ్చే బతుకమ్మకు మా పిల్ల మళ్లీ గుండానికి వెళ్తానంటోంది. కుట్టిన నోటుబుక్కు కొనిచ్చాను.

- ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, హన్మకొండ