శీనుగాడికి, అమ్మ మోకాళ్ల గురించి

ఖమ్మం

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్‌లు అన్నీ విన్నాను. ఊళ్లో సంగతులన్నీ చెప్పి, చివర్లో "ఇంతకీ అమ్మకి మోకాళ్ల మార్పిడి ఆపరేషన్ చేయించాలా వద్దా, అది చెప్పు" అని అరిచావు. ఫోన్‌లో చెబితే సగం వింటావు, ఆ సగం మీ అన్నయ్యకి ఇంకోలా చెబుతావు. అందుకే రాస్తున్నా. ఫిజియోథెరపీ పేరుతో రోజంతా జనం మోకాళ్లు వంచుతూ బతికేవాడిని కదా, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

డాక్టరు "గుజ్జు అరిగిపోయింది" అన్నాడని తెగ టెన్షన్ పడుతున్నావు. ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి తెల్లటి పొర అది. దానికి రక్తనాళాలు లేవు, అందుకే ఒకసారి అరిగితే మళ్లీ పెరగదు. పెంచుతామని అమ్మే పొడులు, నూనెలు కొనకు, డబ్బు దండగ. వయసు, బరువు, వంశం, పాత దెబ్బలు అన్నీ కలిసి చేసే పని ఇది. మెట్లెక్కేటప్పుడు ఒంటి బరువుకి దాదాపు మూడు రెట్లు మోకాలి మీద పడుతుంది. అంటే అమ్మ ఐదు కిలోలు తగ్గినా మోకాలికి పదిహేను కిలోలు తగ్గినట్టే. మనవాళ్లలో ఎక్కువమందికి లోపలి వైపు ముందు అరుగుతుంది. అమ్మకి దొడ్డికాళ్లు వచ్చి, నడుస్తుంటే అటూ ఇటూ ఊగుతోందన్నావే, దానికి కారణం అదే.

మీ మామయ్య మాత్రం "అంతా మునుగోడు నీళ్ల వల్లే" అంటున్నాడట. ఆయన్ని తీసిపారేయకు. నల్గొండ పల్లెల్లో ఫ్లోరైడ్ చేసిన నష్టం చిన్నది కాదు. 1970ల్లో హైదరాబాద్ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి పిల్లల కాళ్ల గురించి రాశారు కూడా. కానీ వాళ్లు చూసిన పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా లోపలికి వంగాయి. అమ్మవి బయటికి వంగాయి. పళ్ల మీద గోధుమరంగు చారలు, వెన్ను బిగుసుకుపోవడం లాంటివేమీ అమ్మకి లేవు. అయినా ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగిందని సర్జన్‌కి ఒక మాట చెప్పి ఉంచు.

ఇక అసలు సంగతి. ఎక్స్‌రే ఎంత ఘోరంగా ఉన్నా ఆపరేషన్ నిర్ణయించేది అది కాదు. నొప్పికి రాత్రి నిద్ర లేస్తోందా? పక్కింటి పేరంటానికైనా వెళ్లగలుగుతోందా? నొప్పి మాత్ర లేనిదే పొద్దు గడవడం లేదా? బీపీ ఉన్న మనిషి ఆ మాత్రలు ఏళ్లకేళ్లు మింగితే కిడ్నీలకి ముప్పు. తొడ కండరానికి వ్యాయామం, బరువు తగ్గడం, చేతికర్ర, ఇవన్నీ కొన్ని నెలలు నిజంగా చేసి చూశాక కూడా పరిస్థితి ఇలాగే ఉంటే, అప్పుడు చేయించు. "చిన్న రంధ్రం పెట్టి లోపల కడిగేస్తాం" అని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయ్. 2002లో అమెరికాలో కొందరికి నిజంగా కడిగి, కొందరికి ఊరికే చర్మం మీద గాట్లు పెట్టి కుట్టేసి చూశారు. రెండేళ్లయినా రెండు జట్లకీ తేడా లేదు.

మోకాళ్ల మార్పిడి అనగానే అమ్మ కాలు కోసి పక్కన పెడతారని భయపడుతోందట. అంత లేదని చెప్పు. అరిగిన చివర్లను సుమారు సెంటీమీటరు మందాన చెక్కి, పంటికి క్యాప్ వేసినట్టు లోహపు తొడుగు వేస్తారు. కింది ఎముక మీద లోహపు పళ్లెం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ ముక్క. నడుముకి మత్తు ఇస్తారు, ఒక్కో మోకాలికి గంట, గంటన్నర. మర్నాటికల్లా వాకర్ పట్టుకుని నిలబెడతారు. 2019లో వచ్చిన ఒక పెద్ద లెక్క ప్రకారం నూటికి 82 కీళ్లు 25 ఏళ్లు పనిచేస్తాయి. లోపలి వైపు మాత్రమే అరిగిందంటే సగం కీలు మారిస్తే చాలునేమో, అది కూడా అడుగు. రోబో సంగతి అడిగావు. కోత కొలతలు కచ్చితంగా రావడానికి అది సాయం చేస్తుంది, ఆపరేషన్ చేసేది మాత్రం సర్జనే. దాని కోసం అప్పు చేయకు. కీలు ధరకి 2017లో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది. బిల్లులో దాని ధర విడిగా రాయించుకో, కీలు పెట్టె మీద స్టిక్కర్లు ఫైల్లో అంటించారో లేదో చూడు.

ఇక్కడి నుంచి నా డిపార్ట్‌మెంట్. మొదటి ఆరు వారాలే ప్రాణం. ఇంటికి రాగానే మీ అక్క ప్రేమ కొద్దీ మోకాలి కింద మెత్తటి దిండు పెడుతుంది. అమ్మకి హాయిగానే ఉంటుంది. అలా నాలుగు వారాలు గడిస్తే కాలు వంకరగానే బిగుసుకుపోతుంది, ఇక నా దగ్గరికి వచ్చి ఏడుస్తారు. దిండు మడమ కింద పెట్టాలి, మోకాలు గాల్లో ఉండాలి, తొడ బిగించి మోకాలిని మంచం వైపు నొక్కాలి. అబ్బా అంటుంది, తిడుతుంది కూడా. నువ్వు కరగకు. వంచడం కన్నా పూర్తిగా చాచడమే ముందు రావాలి. షుగర్ అదుపులో లేకపోతే ఆపరేషన్ వాయిదా వేయించు. పుచ్చిపళ్లు, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉంటే ముందే నయం చేయించు, కొత్త కీలుకి చీము పడితే మళ్లీ కోయాల్సిందే. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ ఇప్పుడే పెట్టించు. కింద కూర్చుని ముగ్గు వేయడం, పీట మీద భోజనం ఇక ఉండవని మెల్లగా చెప్పు. అమ్మకి ఆపరేషన్ కన్నా అదే పెద్ద బాధ అవుతుంది.

మీ బామ్మర్ది తుంటి నొప్పి సంగతి వేరు. వాడిది అరుగుదల కాకపోవచ్చు. స్టెరాయిడ్లు వాడినవాళ్లకి, తాగుడు అలవాటు ఉన్నవాళ్లకి తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోవడం మామూలే. ముందే దొరికితే డ్రిల్లింగ్‌తో బంతిని కాపాడుకోవచ్చు, బంతి కుంగిపోతే ఇక కీలు మార్చడమే. ఆలస్యం చేయకుండా ఎమ్మారై తీయించమను.

నువ్వు పంపిన ఎక్స్‌రే పడుకోబెట్టి తీసింది. అందులో ఎముకల మధ్య సందు ఉన్నదాని కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. రెండు కాళ్ల మీద నిలబెట్టి మళ్లీ తీయించి, వాట్సాప్ ఫొటో కాకుండా ఫిల్మే పట్టుకుని ఆదివారం అమ్మతో వచ్చేయ్. భోజనం ఇక్కడే.

నీ
రవి