పంది కిడ్నీ వచ్చినా మాత్రలు తప్పవు

సంపాదకుడు గారికి,

జంతువుల అవయవాలను మనుషులకు అమర్చారన్న వార్తలు మన పత్రికల్లో ఆపరేషన్ రోజున ఘనంగా వస్తాయి. ఆ అవయవం ఎన్నాళ్లు పనిచేసిందో తర్వాత వెతికినా దొరకదు. ఆ హెడ్డింగులు చూసి డయాలసిస్ వార్డుల్లో ఆశలు పెంచుకుంటున్నారు కాబట్టి రాస్తున్నాను.

2022 జనవరిలో అమెరికాలో డేవిడ్ బెన్నెట్‌కు పంది గుండె పెట్టారు. రెండు నెలలు బతికాడు. 2024 నవంబరులో టొవానా లూనీకి పెట్టిన పంది కిడ్నీ 130 రోజులు పనిచేసింది. ఆమెకు ఇన్‌ఫెక్షన్ సోకితే రోగనిరోధక శక్తిని అణిచే మందులు తగ్గించాల్సి వచ్చింది. దాంతో ఒళ్లు ఆ కిడ్నీ మీద తిరగబడింది, తీసేశారు. మళ్లీ డయాలసిస్.

పంది కణాల మీద ఆల్ఫా గాల్ అనే చక్కెర ఉంటుంది. మన పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియాల మీదా అదే ఉండటంతో దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు చిన్నప్పటి నుంచే మన రక్తంలో సిద్ధంగా ఉంటాయి. మామూలు పంది కిడ్నీ పెడితే గంటల్లోనే, ఒక్కోసారి నిమిషాల్లోనే పాడైపోతుంది. అందుకే ఇలాంటి చక్కెరల్ని తయారుచేసే మూడు జన్యువుల్ని పనిచేయకుండా చేసి, కొన్ని మనిషి జన్యువులు చేర్చిన పందుల్ని పెంచుతున్నారు. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలో పందుల పరిశోధన ఉంది కదా, ఇక్కడే చేయొచ్చుగా అని ఒకాయన నన్నడిగారు. అది మాంసం కోసం పెంచే పందుల గురించి, దారి వేరు. పైగా ఆ జన్యు మార్పులతో గట్టెక్కేది మొదటి గండమే. ఆ తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలతోనే నెట్టుకురావాలి.

ఆ మాత్రల సంగతి మా ఇంట్లో బాగా తెలుసు. మా తమ్ముడికి అమ్మ కిడ్నీ ఇచ్చింది. వాడు ట్యాక్రోలిమస్ అనే అలాంటి మాత్ర పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి వేసుకోవాలి. రక్తంలో దాని లెవెల్ చూడాలంటే పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. అందుకని పలమనేరులో చీకటితోనే బస్సెక్కి, మాత్రలు చొక్కా జేబులో పెట్టుకుని, తిరుపతికో వేలూరుకో పోతాడు. బస్సు లేటయితే మాత్ర లేటు, ఇంట్లో మాకు టెన్షన్. ఒకసారి మందుల షాపులో "అదే మందు, కంపెనీయే వేరు" అని వేరే మాత్రలిచ్చారు. తర్వాతి టెస్టులో లెవెల్ పడిపోయింది, కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ పెరిగింది. ఈ మందుకు కంపెనీ మార్చితే వెంటనే లెవెల్ చూడాలని డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. మేమైనా కొనగలిగాం. డబ్బుల్లేక ఒక పూట వేసుకుని ఒక పూట మానేసేవాళ్లు మాకు తెలుసు. తల్లో అక్కో ఇచ్చిన కిడ్నీని అలా పోగొట్టుకుంటుంటే, పంది కిడ్నీ వస్తే మాత్రం ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఈ టెస్టుకు తీసిన రక్తం చల్లగా ఉంచితే కొన్ని రోజులు పాడవదు. కాబట్టి ప్రయాణం చేయాల్సింది రక్తం, రోగి కాదు. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికో రోజు రక్తం తీసుకుని తిరుపతి ల్యాబుకు పంపే ఏర్పాటు ఆరోగ్యశాఖ చేయాలి. మార్పిడి చేయించుకున్నవాళ్లకు ప్రతినెలా ఒకే కంపెనీ మాత్రలు, ఆపరేషన్ అయిన తొలి నెలలకే కాకుండా వాళ్లకు అవసరమున్నంత కాలం అక్కడే ఇవ్వాలి.

— ఓ పాఠకురాలు, పలమనేరు, చిత్తూరు జిల్లా