అరకు స్థలం గురించి మా అమ్మాయికి

ఒంగోలు

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున నీకూ, అల్లుడు గారికీ, పిల్లలకూ శుభములు. నీ ఉత్తరం అందింది. ఉద్యోగాలు విడిచి అరకు వైపు ఒక పల్లెలో రిట్రీట్ సెంటర్, అంటే సేవకులు కొన్నాళ్లు ఏకాంతంగా ప్రార్థనలో గడిపే చోటు, కట్టడానికి దేవుడు మిమ్మల్ని నడిపిస్తున్నాడనీ, ఆ కొండవాలు స్థలం చూడగానే మీ ఇద్దరి హృదయాలలోనూ ఒకే సమాధానం, అంటే మనశ్శాంతి, కలిగిందనీ రాశావు. మీ అమ్మ ఆ ఉత్తరం చదివి అక్కడే మోకరించింది. వెంటనే అవుననో కాదనో చెప్పదగిన సంగతి కాదు గనుక, నేను జవాబు రాయడానికి కొంత సమయం తీసుకున్నాను.

అటువంటి చోటు అవసరమనడంలో నాకు సందేహం లేదు. సంఘ పెద్దగా నేను దగ్గరగా చూసిన పల్లె పాస్టర్లు ఆదివారం ఒకటికి మించిన ఊళ్లలో ఆరాధన జరిపి, శుక్రవారం ఉపవాస కూటం పెట్టి, మధ్యలో సమాధి కార్యక్రమాలకూ గృహప్రతిష్ఠలకూ ఆసుపత్రులకూ తిరుగుతారు. వారి ఆత్మ ఎలా ఉందని అడిగేవారు ఎవరూ ఉండరు. భోజనం చేయడానికి కూడా తీరికలేని శిష్యులను ప్రభువు ఏకాంత స్థలానికి రమ్మని పిలిచినట్లు మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో చదువుతాం. మీ కేంద్రం ఇలాంటి పాస్టర్ల కోసం, ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిలు స్త్రీల కోసం అయితే నా ప్రార్థన పూర్తిగా మీతో ఉంటుంది. పట్టణంలోని సంఘస్థులు సెలవు రోజుల్లో వచ్చి చల్లగాలి పీల్చుకుని, రెండు పాటలు పాడుకుని వెళ్లడానికైతే అరకులో హోటళ్లు ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఇక నడిపింపు సంగతి. సమూయేలు రెండవ గ్రంథం ఏడవ అధ్యాయాన్ని మీరిద్దరూ కలిసి మళ్లీ చదవండి. తాను దేవదారు మ్రానుల ఇంట్లో ఉండగా దేవుని సన్నిధికి గుర్తైన మందసం డేరాలో ఉందని దావీదు రాజు నొచ్చుకుని, దానికి మందిరం కట్టాలనుకున్నాడు. ఆ కోరికలో స్వార్థం లేదు. ప్రవక్త అయిన నాతాను కూడా విన్న వెంటనే, నీకు తోచినట్లు చేయుమన్నాడు. అయినా ఆ రాత్రే దేవుడు నాతానుతో మాట్లాడి, మందిరం కట్టేవాడు దావీదు కాదని తెలియజేశాడు. మంచి కోరిక, భక్తిగల స్నేహితుని ప్రోత్సాహం, మనసులో సమాధానం మూడూ ఒకేచోట కలిసినా అది దేవుని మాట కాకపోవచ్చు. మీకు కలిగిన సమాధానాన్ని నేను తక్కువ చేయడం లేదు. దానిని పరీక్షకు పెట్టమంటున్నాను.

నాకు అన్నిటికంటె బరువుగా తోచిన వాక్యం నీ ఉత్తరం చివర ఉంది. ఆ భూమిని అక్కడి గిరిజన విశ్వాసి ఒకరి పేరున రిజిస్టరు చేయించుకోవచ్చని ఎవరో సలహా ఇచ్చారనీ, అది దేవుడు తెరచిన తలుపులా ఉందనీ రాశావు. అమ్మా, అది తలుపు కాదు. అరకు షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల భూములకు చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. 1959లో వచ్చిన భూమి బదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. అందరూ 1/70 అనేది దానినే. దాని ప్రకారం అక్కడి భూమిని గిరిజనులకు గాని, కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సొసైటీకి గాని తప్ప మరెవరికీ బదలాయించడానికి వీల్లేదు. గిరిజనేతరుడు మరొక గిరిజనేతరునికి అమ్మినా చెల్లదు. మైదానం నుంచి వెళ్లిన షావుకార్లు అప్పుల లెక్కలతో కొండవాళ్ల పొలాలను చేజిక్కించుకున్నారు గనుకనే అటువంటి చట్టాలు అవసరమయ్యాయి. తోటి విశ్వాసి పేరును ముసుగుగా వేసుకుని ఆ కంచె దాటినవారు, అక్కడ మోకరించి, రాజు ఒక సామాన్యుని పొలాన్ని అన్యాయంగా చేజిక్కించుకున్న నాబోతు ద్రాక్షతోట కథను ఎలా ధ్యానించగలరు? దేవుని ఆత్మ ఒక చేత్తో పేదవానికి న్యాయం తీర్చి, మరొక చేత్తో దాని చుట్టూ దారి చూపించడు.

దేవుడు మిమ్మల్ని నిజంగా అరకుకే పిలుస్తున్నాడేమో, కాదనడానికి నేనెవరిని? అలాగైతే ఆ చట్టంలోనే ఒక దారి ఉంది. అక్కడి గిరిజన సంఘం తన సొసైటీ పేరున తన భూమిలో ఆ కేంద్రాన్ని నిలుపుకోనివ్వండి. మీరు వారి కింద పనిచేయండి. పట్టా మీది కాదు, నిర్ణయం మీది కాదు, శిలాఫలకం మీద పేరూ ఉండదు. ఆ షరతు మీద కూడా వెళ్లాలనే కోరిక మీలో నిలిచి ఉంటే, దానిని నేను పిలుపుగా నమ్ముతాను.

ఫ్రాన్సులోని తేజే అనే పల్లెలో ఉన్న క్రైస్తవ సన్యాసుల సమాజం మొదలైన తీరు ఇక్కడ నీకు ఉపయోగపడుతుంది. 1940 ఆగస్టులో రోజే అనే ఇరవై ఐదేళ్ల యువకుడు, యుద్ధకాలంలో, జెనీవా నుంచి సైకిలు మీద బయలుదేరి ఇల్లు వెదుకుతూ ఆ చిన్న పల్లెకు చేరాడు. ఇక్కడే ఉండిపో, మేము ఒంటరిగా ఉన్నాం అని అక్కడి వృద్ధురాలు ఒకామె అడిగింది. పేదరాలి నోట వచ్చిన ఆ మాటను అతడు పిలుపుగా తీసుకున్నాడు. ఆ ఇంట్లో యూదులతో సహా ఎందరో శరణార్థులకు ఆశ్రయమిచ్చాడు. 1942లో విడిచివెళ్లవలసి వచ్చినా 1944లో తిరిగి వచ్చాడు. మీరు చూసిన పల్లెలో మిమ్మల్ని ఉండమని ఎవరైనా అడిగారా? నీ ఉత్తరంలో మంచు ఉంది, కాఫీ తోటలు ఉన్నాయి, లోయ ఉంది. ఆ ఊరి మనిషి ఒక్కరూ లేరు.

ఆలస్యమైతే స్థలం చేజారుతుందని భయపడవద్దు. మన ఒంగోలు ప్రార్థన కొండ సంగతి చిన్నప్పటి నుంచి వింటున్నావు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీలైన జూయెట్ దొర దంపతులు, జూలియమ్మ, మరికొందరు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఈ ఊరికి సేవకుని పంపమని ప్రార్థించారు. అంతకుముందు సంవత్సరమే వారి తెలుగు మిషనును మూసివేయాలా అని అమెరికాలో చర్చ జరిగింది. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ క్లౌ దొర ఒంగోలుకు వచ్చింది 1866లో. ఆ నడుమ పన్నెండేళ్లు గడిచాయి.

డబ్బు గురించి ఒక్క మాట. డల్లాసులోని మీ స్నేహితుల సంఘం పంపుతామన్న విరాళాన్ని ఎవరి సొంత ఖాతాలోనూ వేయించుకోవద్దు. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని ఉన్న సంస్థే దానిని తీసుకోవాలి. కొత్త సంస్థ మామూలు రిజిస్ట్రేషనుకు మూడేళ్లు ఆగాలి.

బయానా ఇంకా ఇవ్వలేదన్నావు. ఇవ్వవద్దు. వానలు పడే నెలలో మీరు సెలవు పెట్టండి; నేనూ మీ అమ్మా విశాఖలో కిరండూలు రైలెక్కి అరకు వస్తాం. స్థలానికి పోకుండా ముందు ఆ ఊరి పాస్టరు గారినీ, సంఘ పెద్దలనూ, నీళ్లు మోసుకొచ్చే ఆడవాళ్లనూ కలుద్దాం. వాళ్లకు ఏమి కావాలో మీరిద్దరూ అడగండి. నేను పక్కన కూర్చుని వింటాను.

ప్రభువు ప్రేమలో,
మీ నాన్న