యోబు 8:7 దగ్గర ఆగిపోయినవాడి ఉత్తరం

ప్రియ మిత్రమా,

మన ప్రభువైన యేసుక్రీస్తు నామమున నీకు వందనములు. నీ ఉత్తరం అంది పది రోజులైంది. వెంటనే జవాబు రాయకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. నీవు అడిగిన ప్రశ్నకు నోటికి వచ్చిన జవాబు రాసి పంపడం నాకు ఇష్టం లేకపోయింది. "ప్రతి ఆదివారం ప్రసంగం వింటున్నాను, ప్రార్థన చేసుకుంటున్నాను, పాటలు పాడుతున్నాను, రోజూ ఎవరో ఒకరు పంపిన వాగ్దాన వాక్యం చూసుకుంటున్నాను. ఇవన్నీ ఉండగా బైబిలు తెరిచి వరుసగా చదవవలసిన అవసరం ఏమిటి?" అని అడిగావు. ఈ ప్రశ్న అడిగినందుకు నీవు సిగ్గుపడినట్టు నీ అక్షరాలే చెబుతున్నాయి. సిగ్గుపడవద్దు. చాలామంది లోలోపల అనుకుని పైకి అనని మాటనే నీవు అన్నావు. వారిలో నేనూ ఒకణ్ణి. ఎన్నో ఏళ్లు అలాగే గడిపాను.

నీకు ఇదివరకెన్నడూ చెప్పని సంగతి ఒకటి ఇప్పుడు చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నాకు తెలిసిన ఒక సహోదరుడు తన బిడ్డను పోగొట్టుకున్నాడు. ఏం చెప్పి ఓదార్చాలో తోచక, ఒక కార్డు మీద అందమైన అక్షరాలతో వాక్యం రాసి ఆయన చేతిలో పెట్టాను. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" అన్న మాట అది, యోబు గ్రంథం 8వ అధ్యాయం 7వ వచనం. నీకూ బాగా తెలిసిన వాక్యమే. కార్డుల మీద, క్యాలెండర్ల మీద ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. ఆయన కార్డు తీసుకుని, నమస్కరించి, లోపలికి వెళ్లిపోయాడు. మంచి పని చేశానన్న తృప్తితో నేను తిరిగి వచ్చాను.

కొన్నేళ్ల తర్వాత ఆయన, కోపం లేకుండా, చాలా నిదానంగా ఆ రాత్రి జరిగింది చెప్పాడు. నేను వెళ్లిన తర్వాత, ఆ మాట ఎక్కడుందో చూద్దామని బైబిలు తెరిచాడట. ఆ మాట పలికింది దేవుడు కాదు, యోబు కాదు, యోబు స్నేహితుల్లో ఒకడు, షూహీయుడైన బిల్దదు. పలికింది ఎవరితో? ఏడుగురు కుమారులను, ముగ్గురు కుమార్తెలను ఒకే రోజున పోగొట్టుకున్న తండ్రితో, ఆ యోబుతోనే. దానికి మూడు వచనాల ముందే, నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే దేవుడు వారిని వారి తిరుగుబాటుకు అప్పగించాడేమో అని అదే బిల్దదు అన్నాడు. బిడ్డను పాతిపెట్టి వచ్చిన మనిషి ఆ రాత్రి చదివింది అది. చదవమని పంపినవాణ్ణి నేను.

ఆయన మాత్రం అక్కడ ఆగలేదు. తెల్లవారేవరకు కూర్చుని 42వ అధ్యాయం వరకు చదివాడు. చివరలో యెహోవా, మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలుకలేదని యోబు స్నేహితుల మీద కోపించిన చోటికి వచ్చేసరికి ఆయనకు ఏడుపు వచ్చిందట. తన దుఃఖాన్ని సూత్రాలతో వివరించేవారి మీద దేవునికే కోపం వచ్చిందని తెలిసిన తర్వాతనే తాను మళ్లీ ప్రార్థన చేయగలిగానని చెప్పాడు. నా వచనం ఆయనను గాయపరిచింది. నేను చదవని గ్రంథం ఆ గాయానికి కట్టు కట్టింది. యోబు కడవరి స్థితి మొదటి స్థితికంటె ఎక్కువగా ఆశీర్వదించబడిన మాట నిజమే కాబట్టి, బిల్దదు మాట ఒక విధంగా నెరవేరిందని ఎవరైనా అనవచ్చు. కానీ అది బిల్దదు చెప్పిన కారణంవల్ల, అతడు చెప్పిన దారిలో నెరవేరలేదు. ఆ తేడా తెలియాలంటే నలభై రెండు అధ్యాయాలూ చదవక తప్పదు.

ఆ రోజు నుంచి నా ఆలోచన మారింది. ఏరుకున్న వచనం చాలాసార్లు నా మాటనే నాకు తిరిగి వినిపిస్తుంది. నాకు ధైర్యం కావాలనుకుంటే ధైర్యపు వచనం, అభివృద్ధి కావాలనుకుంటే అభివృద్ధి వచనం వెదుక్కుంటాను. వరుసగా చదివేటప్పుడు అలా కుదరదు. నేను అడగని సంగతులు, వినడానికి ఇష్టపడని సంగతులు కూడా నా ఎదుట నిలబడతాయి. యిర్మీయా 29:11 లోని సమాధానకరమైన ఉద్దేశముల మాట మనకెంతో ప్రియమైనది గదా, దానికి ముందరి వచనంలోనే బబులోనులో డెబ్బది సంవత్సరాలు గడవాలని ఉంది. బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా పంపిన ఉత్తరంలోని మాటలవి; ఆ ఉత్తరం మొదట విన్నవారిలో ఎందరో ఆ గడువు తీరకముందే కన్నుమూసి ఉంటారు. అది తెలిసినప్పుడు ఆ వాగ్దానం చిన్నదైపోదు. నా ఒక్కడి ఉద్యోగంకంటె, నా ఒక్కడి ఆయుష్కాలంకంటె పెద్దదవుతుంది.

వచనాన్ని ముక్కగా వాడుకోవడం సాతానుకు కూడా తెలుసునని మత్తయి 4వ అధ్యాయం చెబుతుంది. దేవాలయ శిఖరం మీద యేసును శోధిస్తూ వాడు ఎత్తి చెప్పింది 91వ కీర్తననే. నీ మార్గములన్నిటిలో అన్న మాటను దాటవేసి, పాదమునకు రాయి తగలదన్న చోట ఆపేశాడు. ఆ తరువాతి వచనంలో సర్పములను త్రొక్కే మాట ఉంది మరి! ప్రభువు మూడుసార్లు "వ్రాయబడియున్నది" అంటూ ఇచ్చిన జవాబులు ద్వితీయోపదేశకాండము 6, 8 అధ్యాయాలలోనివి. ఆ అధ్యాయాలు అరణ్యంలో నలువది సంవత్సరాలు ఆకలిగొని, సణిగి, దేవుని శోధించిన ప్రజలను గూర్చినవి. నలువది దినాలు ఉపవాసమున్న ప్రభువు తాను ఎక్కడ నిలబడి ఉన్నాడో ఎరిగి, ఆ ప్రజలు తప్పిపోయిన చోటి మాటలనే పలికాడు. వాక్యం ఆయనలో గ్రంథంగా నిలిచి ఉంది, సామెతల మూటగా కాదు. పరలోకము నుండి వచ్చిన కుమారునికే వ్రాయబడియున్నది అన్న మాట అవసరమైతే, నా ప్రార్థన ఒక్కటే నాకు చాలునని ఎలా అనగలను?

పాత చర్మపు చుట్టలలో అధ్యాయాల అంకెలు లేవని నీకు తెలిసే ఉంటుంది. మనం ఇప్పుడు వాడుతున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దపు ఆరంభంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినదని చెబుతారు; క్రొత్త నిబంధనకు ఇప్పటి వచన సంఖ్యలు రాబర్ట్ ఎస్తియెన్ 1551లో అచ్చువేసిన ప్రతితో వచ్చాయి. ఆ అంకెలు వెదుక్కోవడానికి ఎంతో సాయపడ్డాయి, తుంచుకోవడానికి కూడా అంతే సాయపడ్డాయి. ఫిలిప్పీయులకు రాసిన పత్రికను ఒక్కసారి కూర్చుని మొదటినుంచి చివరివరకు చదువు, పావుగంటకు మించి పట్టదు. సమస్తమును చేయగలను అన్న మాట బంధకాలలో ఉన్న మనిషి, ఆకలిగొనడం కూడా నేర్చుకున్నానని చెప్పిన వెంటనే పలికిన మాట అని అప్పుడు నీకే తెలుస్తుంది. నీ ఉత్తరాన్ని నేను మూడవ పేరాలో ఒక వాక్యం చదివి మడిచి పెట్టి ఉంటే నీవు బాధపడవా?

ప్రసంగం గురించి కూడా అడిగావు. ప్రసంగాలు వద్దని నేను అనను. ఐతియోపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా గ్రంథం చదువుతూ, ఎవరైనా త్రోవ చూపకపోతే ఎలా గ్రహించగలనని ఫిలిప్పుతో అన్నాడు. మనకూ ఫిలిప్పులు కావాలి. అయితే ఫిలిప్పు వచ్చేసరికి అతడు చదువుతూ ఉన్నాడన్న సంగతిని మరచిపోకు. బెరయవారు పౌలు చెప్పిన మాటలను సైతం, అలాగే ఉన్నాయో లేవోనని ప్రతిదినము లేఖనాలలో పరిశోధించారు, అందుకు వారు ఘనులనిపించుకున్నారు గాని అనుమానస్థులనిపించుకోలేదు. బోధకుడు పొరపడితే ఆ సంగతి పసిగట్టవలసింది ఎవరు? ఎదుట కూర్చుని చదవకుండా వింటున్న మనమే అయితే, ఆ పొరపాటు మనతోపాటు ఇంటికి వచ్చేస్తుంది.

చదవడం రానివారి మాటేమిటని నీవు తప్పక అడుగుతావు. ప్రకటన గ్రంథం ఆరంభంలో చదువువాడు ఒక్కడు, వినువారు అనేకులు. నెహెమ్యా కాలంలో ఎజ్రా ఉదయం మొదలుకొని మధ్యాహ్నం వరకు చదువుతుండగా ప్రజలందరూ నిలబడి విన్నారు. కాబట్టి అక్షరజ్ఞానం ఇక్కడ హద్దు కాదు. ముక్కలుగా కాక మొత్తంగా వినడమే కావలసింది.

పాత నిబంధనలో తండ్రీకొడుకుల సంగతి ఒకటి నన్ను ఎప్పుడూ వదలదు. యోషీయా ఏలుబడి పదునెనిమిదవ సంవత్సరంలో, దేవుని మందిరంలోనే ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. మందిరంలోనే పోయిందన్నమాట! యాజకులున్నారు, బలిపీఠముంది, మరమ్మతులు కూడా జరుగుతున్నాయి. గ్రంథం ఒక్కటే కనబడకుండా పోయింది. శాస్త్రియైన షాఫాను దాన్ని చదివి వినిపించినప్పుడు రాజు తన బట్టలు చింపుకున్నాడు. అతని కుమారుడైన యెహోయాకీము ఎదుట యిర్మీయా గ్రంథపు చుట్టను చదివినప్పుడు, మూడు నాలుగు పుటలు చదివిన కొద్దీ అతడు చాకుతో కోసి ఎదుటనున్న కుంపటిలో వేశాడు. విన్నవారు తమ బట్టలు చింపుకొనలేదని ఆ అధ్యాయం పనిగట్టుకుని చెబుతుంది. తండ్రి తన బట్టలను చింపుకున్నాడు, కొడుకు చుట్టను కోశాడు. నేను చాకు పట్టలేదు గాని, నచ్చిన వచనాలు ఉంచుకుని మిగతావి దాటవేసిన ఏళ్లలో నేను చేసింది కూడా కోతే. యిర్మీయా చెప్పగా బారూకు ఆ మాటలన్నిటినీ మళ్లీ రాశాడు, మరి అనేకమైన మాటలు కూడా కలిశాయి. కాల్చినవాడు సాధించింది అదే.

విసుగు మాట దాచను. లేవీయకాండము దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో చెబితే నవ్వుతావు. క్రొవ్వు, మూత్రగ్రంథులు, కుష్ఠు పొడలు, గోడల మీది మచ్చలు! కానీ నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను అన్న ఆజ్ఞ ఉన్నది ఆ కాండంలోనే, 19వ అధ్యాయంలో. అదే అధ్యాయంలో పరిగెను బీదలకు విడిచిపెట్టమన్న ఆజ్ఞ లేకపోతే, రూతు పరిగె ఏరుకోవడానికి బోయజు పొలంలో అడుగుపెట్టే కథ మనకు సగమే అర్థమవుతుంది. ఇన్ని చెప్పినా, ఏమీ అంటుకోని ఉదయాలు నాకు ఇప్పటికీ చాలా ఉన్నాయి. మొదటి కీర్తనలో ధ్యానించుట అన్నచోట ఉన్న హెబ్రీ మాటకు లోగొంతుకతో పలుకుకోవడమనే అర్థం ఉంది. యెషయా 31లో వేటను పట్టుకున్న సింహం గుర్రుమనడానికి కూడా అదే మాట. అందుకే ఇప్పుడు పెదవులు కదుపుతూ చదువుతున్నాను. మనసు ఎటో పోతే, కనీసం నా చెవి ఇక్కడే ఉంటుంది.

ఒక్క భయం మాత్రం నన్ను నేనే హెచ్చరించుకునేది. లేఖనములను పరిశోధించేవారితోనే, జీవము కలుగునట్లు మీరు నా యొద్దకు రానొల్లరని ప్రభువు అన్నాడు. ఏడాదిలో 1,189 అధ్యాయాలూ ముగించానని గొప్ప చెప్పుకునేవారిని చూశాను. ఒక ఏడాది నేనే చెప్పుకున్నాను. ఆ ఏడాది ఇంట్లోవారితో నా మాటతీరు ఏమీ మారలేదని నా భార్య చాలా మర్యాదగా గుర్తుచేసింది.

కాబట్టి నీవు ఆదికాండము నుంచి పరుగు మొదలుపెట్టవద్దు. మార్కు సువార్త పదహారు అధ్యాయాలే. వచ్చే సోమవారం నుంచి రోజుకొక అధ్యాయం నేనూ చదువుతాను, నీవూ చదువు. అర్థం కాని చోట గీత గీయి, కోపం వచ్చిన చోట కూడా గీయి. నాలుగవ అధ్యాయం చివర, తుపాను అణగిన తర్వాత శిష్యులు మునుపటికంటె ఎక్కువగా భయపడి ఈయన ఎవరో అని ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. గురువారం ఆ చోటికి చేరతాం. ఆ రాత్రి వారి పడవలో నీవు ఉంటే ఏమని ఉండేవాడివో నాకు రాయి. నా జవాబు నీ ఉత్తరం వచ్చేవరకు పంపను.

ఇంట్లో అందరికీ నా వందనములు తెలియజేయి.

క్రీస్తునందు,
నీ స్నేహితుడు