అవి రంగు చేపలు కావు, కొరమీను పిల్లలు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో చెరువు మొరవ దగ్గర చేపలు పడుతున్న పిల్లకాయల ఫోటో వేశారు. నలుగురు పిల్లలు, చేతుల్లో దోమతెర, ముందర ఒక ప్లాస్టిక్ బకెట్. బకెట్లో గోరంత గోరంత ఎర్రటి చేపపిల్లలు కుప్పగా ఉన్నాయి. కింద ‘రంగు చేపలతో చిన్నారుల సందడి’ అని రాశారు. పక్కన నిలబడిన పిల్లాడి చేతిలో మూరెడు చేప వేలాడుతోంది. పాము తలలాంటి తల, నల్లటి వీపు. అయ్యా, బకెట్లోవి రంగు చేపలు కావు. ఆ మూరెడు చేపకు పుట్టిన బిడ్డలు. రెండూ కొరమీనే.

మాది రాయలచెరువు ఆయకట్టు కింది ఊరు. మా నాయన నీరుగంటి. తూము తెరవడం, కయ్యలకు వంతుల ప్రకారం నీళ్లు కట్టడం ఆయన పని. అన్నం తీసుకుని పోయే నెపంతో నేను కట్ట మీదే పెరిగాను. ఇప్పుడు నాకు అరవై మూడేళ్లు. తిరుపతిలో కాపురం. ఆదివారం బస్సెక్కి చెరువుకు పోయి గాలం వేయడం ఈ రోజుకీ మానలేదు. 2021 నవంబరులో కట్టకు లీకు పడి కింది ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు కూడా నాకు కంటి నిండా నిద్ర లేదు. ఆ చెరువంటే నాకంత పట్టింపు. అందుకే ఈ ఉత్తరం.

కొరమీను పిల్లల గుంపును చూసినవాళ్లు మరిచిపోరు. జమ్ము మధ్యలో ఒకచోట నీళ్లు ఉడుకుతున్న ఎసరులా కుతకుతలాడతాయి. దగ్గరికి పోతే వందల కొద్దీ ఎర్రటి పిల్లలు ఒక్కసారిగా పైకొచ్చి, గాలి మింగి, మళ్లీ దిగుతాయి. కొరమీనుకు మొప్పలొక్కటే చాలవు, పైకొచ్చి గాలి పీల్చుకోవాల్సిందే. అందుకే ఆ గుంపు ఎక్కడుందో ఎవరికైనా కనబడిపోతుంది. వాటి కిందనే పెద్దచేప కాపలా తిరుగుతుంటుంది. గుంపు మధ్యలో కప్పపిల్లను గుచ్చిన గాలం ఆడిస్తే చాలు, అది ఎగిరి అందుకుంటుంది. ఆకలికి కాదు, బిడ్డల మీదికి ఏదో వచ్చిందని.

నేనూ అలా పట్టినదాన్నే. నాకు పదేళ్లు. మా నాయన గాలమే తీసుకుని, ఆయన చెప్పిన ఉపాయంతోనే రెండు కిలోల కొరమీనును ఒడ్డుకు లాగాను. ఇంట్లో పండగ. అవ్వ దాన్ని బూడిద పూసి, గరుకు బండ మీద రుద్ది జిగురూ పొలుసూ పోగొట్టి, మట్టి సట్టిలో పులుసు పెట్టింది. నాయన ఊరంతా చెప్పుకున్నాడు. మర్నాడు బడికి పోతూ అదే చోట ఆగాను. గుంపు ఉంది, కానీ చెదిరి, తలో దిక్కుకు పరిగెత్తుతోంది. పక్కెలు, జిలేబీలు (తిలాపియా) అనే చేపలు పక్కనుంచి వచ్చి ఒక్కొక్కదాన్ని నోట కరుచుకుపోతున్నాయి. ఒక కొంగ జమ్ములో కదలకుండా నిలబడి ఏరుకుంటోంది. మూడో రోజుకు నీళ్ల కుతకుత ఆగిపోయింది. ఒక్క ఎర్ర చుక్క లేదు. ఎవరూ నన్ను తిట్టలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. నేనే చూశాను. ఆ తర్వాత పిల్లలున్న కొరమీను జోలికి పోలేదు.

ఇది చెప్పడానికి కారణముంది. చెరువుల్లో మత్స్యకారుల సంఘం వాళ్లు వదిలేది బొచ్చె, రాగండి, ఎర్రమోసు పిల్లల్ని. కొరమీను పిల్లల్ని మా చెరువులో వదలగా నేనెప్పుడూ చూడలేదు. తనంతట తాను గడ్డి తొలగించి గూడు చేసుకుని, నూనెబొట్లలా తేలే గుడ్లు పెట్టి, కాపలా కాసి పెంచుకుంటేనే అది మిగిలేది. పక్కనున్న తెలంగాణ దీన్ని రాష్ట్ర చేపగా పెట్టుకుంది. మన దగ్గర దాని పిల్లలకు రంగు చేపలని పేరు పెడుతున్నాం. ఆ ఎరుపు కొన్నాళ్లే. రెండంగుళాలు దాటేసరికి రంగు విరిగి, పాచిరంగు తిరిగి, పిల్లలు ఎవరి దారిన అవి పోతాయి. ఆ కొన్నాళ్లు ఆగమనే నేను అడిగేది.

మరి చేపలు పట్టొద్దా అంటారేమో. పట్టండి. జిలేబీలను పట్టండి, ఎన్నైనా. పుట్టుకతో ఆఫ్రికా చేప అది, 1952లో మన దేశానికి తెచ్చారు. ఇప్పుడు మన చెరువుల్లో అది లేని చోటు లేదు. గుర్తుపట్టడం సులువు. వీపు మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే రెక్క, దాని ముందు సగమంతా ముళ్లు. ఒంటి పక్కన గీత చూడండి. నడిమికి వచ్చి తెగిపోతుంది, కాస్త కింద మళ్లీ మొదలవుతుంది. పక్కెకు అలా తెగదు. ఈడొచ్చిన మగది ఒళ్లంతా నల్లబడి, గడ్డం కింద తెల్లగా, రెక్కల అంచులు ఎర్రగా మారుతుంది. ఆడది గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. వలలో పడితే నోట్లోంచి పిల్లల్ని కక్కేస్తుంది.

‘అవ్వా, అదీ తల్లే కదా’ అని మా మనవరాలు అడిగింది. నిజమే. చాలాసేపు ఆలోచించి చెప్పాను. జిలేబి జానెడు కూడా పెరగకముందే పిల్లల్ని పెడుతుంది, ఏడాదిలో ఎన్నోసార్లు పెడుతుంది. చెరువంతా అదే నిండిపోయి మిగతావాటి మేత తినేస్తుంది. దాన్ని ఎంత పట్టినా తరగదు. కొరమీను అలా కాదు.

జిలేబికి గాలం వేయడానికి కప్పలూ వద్దు, ఖర్చూ లేదు. మిగిలిన రాగి సంగటిని శనగగింజంత ఉండచేసి చిన్న కొక్కికి గుచ్చండి. నెమలీక కాడను బెండుగా కట్టండి. జిలేబి ముందు రెండు మూడుసార్లు పొడిచి చూస్తుంది, అప్పుడే లాగొద్దు. బెండు పక్కకు జారుతుంది చూడండి, అప్పుడు.

మట్టి వాసనని దాన్ని తిననివాళ్లు ఉన్నారు. కడుపు లోపల నల్లటి పొర ఉంటుంది, దాన్ని వేలితో గోకి పూర్తిగా తీసేయాలి. చాలామంది తీయరు. ఆ తర్వాత కల్లుప్పు, పసుపు వేసి రుద్ది, చింతపండు నీళ్లలో పావుగంట ఉంచి కడగాలి. రెండు పక్కలా గాట్లు పెట్టి, కారం, ధనియాల పొడి, దంచిన తెల్లగడ్డ, కాస్త చింతపండు గుజ్జు, పిడికెడు బియ్యప్పిండి కలిపి పట్టించండి. పెనం మీద చెనిక్కాయ నూనె బాగా కాగాక వేసి, ఒక పక్క పూర్తిగా ఎర్రబడేదాకా కదపకండి. ఒక్కసారే తిప్పాలి. రాగండిలా సన్నముళ్లు ఉండవు కాబట్టి చిన్నపిల్లలకు ధైర్యంగా పెట్టొచ్చు. పులుసుకైతే మెంతులు, ఎర్రగడ్డలు కాస్త ఎక్కువ వేసి, రాత్రి చేసి పొద్దున సంగటితో తినండి.

ఇంకొక్క మాట, కొనేవాళ్లకు. తల తీసి ముక్కలు చేసి కొరమీనని అమ్మితే తోలు చూడండి. పొలుసు ఉంటేనే కొరమీను. నున్నగా, జారుగా ఉంటే అది కొరమీను కాదు, మీసాల చేప ఏదో. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కూడా కావచ్చు. దాన్ని పెంచడాన్ని 2000లోనే కేంద్రం నిషేధించింది. తలతో ఉన్న చేపనే అడిగి తీసుకోండి.

ఆ ఫోటోలోని పిల్లకాయలను నేను తప్పుపట్టను. వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. కానీ మీరు రాసింది చదివి రేపు ఇంకో ఊరి పిల్లలు దోమతెర తీసుకుని పోతారు. దయచేసి అదే ఫోటోను మళ్లీ వేసి, కింద ‘కొరమీను, దాని పిల్లలు’ అని దిద్దండి. పిల్లల గుంపు కనబడితే అక్కడ వల, గాలం వేయొద్దని ఒక వాక్యం చేర్చండి. మన వైపు కార్తీకం దాకా వానలుంటాయి, జమ్ములో ఇంకా గుంపులు తేలతాయి. కాబట్టి ఈ వారమే వేయండి.

ఇట్లు
మీ పాఠకురాలు,
తిరుపతి